కారు బదులు ఎలక్ట్రిక్ సైకిల్: రోజూ తిరగడానికి ఏది ఎంచుకోవాలి?

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన వాడుకలో బైక్ అంటే మోటార్ సైకిలే. అందుకే ‘ఈ-బైక్’ అనగానే చాలామంది ఎలక్ట్రిక్ స్కూటర్ అనుకుంటారు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇది తొక్కితే కదిలే సైకిలే. కాకపోతే మన కాలి బలానికి ఒక చిన్న మోటారు తోడవుతుంది. ఇక్కడ దాన్ని ఈ-సైకిల్ అనే అంటాను.

“కారు అమ్మేసి ఈ-సైకిల్ కొనుక్కోవచ్చా?” అని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: పోయిన రెండు వారాల్లో మీరు కారు ఎందుకెందుకు తీశారు? చాలామందికి గుర్తుండదు. కారు ఉంది కాబట్టి కారులో వెళ్తాం. ఏ ప్రయాణానికి అది నిజంగా కావాలో, దేనికి అక్కర్లేదో ఎప్పుడూ విడదీసి చూసుకోం. ఆ విడదీయడం జరగనంత వరకు ఏ పోలికా పనికిరాదు. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

## రెండు వారాల చిట్టా

కారు తాళాలు పెట్టే చోట ఒక కాగితం, పెన్ను ఉంచండి. రెండు వారాల పాటు కారు తీసిన ప్రతిసారీ ఎంత దూరం వెళ్లారు, ఎంతమంది వెళ్లారు, ఏం సామాను తెచ్చారు, అప్పుడు పగలా రాత్రా వానా అన్నది రాయండి. ఇంట్లో ఇంకెవరైనా కారు నడిపితే వాళ్లనూ రాయమనండి.

తర్వాత ఆ ప్రయాణాలను మూడు కుప్పలు చేయండి. ఒక్కరే వెళ్లి, ఒక వైపు దూరం 8 కి.మీ. లోపే ఉండి, రెండు సంచులకు మించి సామాను లేనివి మొదటి కుప్ప. 8 నుంచి 15 కి.మీ. మధ్యవి రెండో కుప్ప. అంతకంటే దూరమైనవి, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లినవి, బరువైన సామానుతో తిరిగినవి మూడో కుప్ప.

మొదటి కుప్ప పెద్దదిగా ఉందని చూసి సంబరపడి వెంటనే కారు అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. తొందరపడకండి. నిర్ణయాన్ని తేల్చేది మూడో కుప్ప. అందులో ఎన్ని ప్రయాణాలున్నాయి అన్నదానికంటే, అవి ఎలాంటివి అన్నదే ముఖ్యం. నెలకు రెండుసార్లు ఊరవతల ఉన్న బంధువుల ఇంటికి వెళ్లడం ముందే తెలిసిన ప్రయాణం. దానికి అద్దె కారో బస్సో సరిపోతుంది. నెలకు ఒక్కసారే అయినా, అర్ధరాత్రి ఆయాసం వచ్చే తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి రావడం అలాంటిది కాదు. ఆ ఒక్క ప్రయాణం కోసం కారు ఉంచుకున్నా తప్పు లేదు. ముందే తెలిసేవి ఎన్ని, చెప్పకుండా వచ్చి పడేవి ఎన్ని అని మూడో కుప్పను మళ్లీ రెండుగా విడగొట్టండి. చెప్పకుండా వచ్చేవి సున్నా అయితే, లేదా వాటికి పిలిస్తే వచ్చే వాహనం నమ్మకంగా దొరికితే, అప్పుడు కారు లేకుండా ఉండటం గురించి ఆలోచించవచ్చు.

## వేటిని చూసి పోల్చాలి

సమయం. ఇంటి గుమ్మం నుంచి పనిచేసే చోటి గుమ్మం దాకా లెక్కపెట్టాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఈ-సైకిల్ మోటారు సాయం గంటకు 25 కి.మీ. దగ్గర ఆగిపోవాలని నియమం. భారతదేశంలోనూ 250 వాట్ల లోపు మోటారు ఉండి 25 కి.మీ. వేగం దాటని సైకిల్‌ను మోటారు వాహనంగా పరిగణించరు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులుగా విడదీసి గంటకు సుమారు 32 కి.మీ. దాకా, పై తరగతికి 45 కి.మీ. దాకా సాయం అనుమతిస్తాయి. సిగ్నళ్లూ మలుపులూ కలుపుకుంటే 25 కి.మీ. సైకిల్ మీద సగటు వేగం 18 నుంచి 20 కి.మీ. పడుతుంది. అంటే 6 కి.మీ. దారికి 18 నుంచి 20 నిమిషాలు. కారుకు పార్కింగ్ వెతకడం, అక్కడి నుంచి నడిచి రావడం కూడా కలిపితే, రద్దీ వేళ ఇంత దూరంలో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. దూరం 12 కి.మీ. దాటి రోడ్డు ఖాళీగా ఉంటే మాత్రం కారుదే పైచేయి.

సమయంలో నాకు ఇంకో సంగతి ముఖ్యంగా తోస్తుంది. కారులో అదే దారి ఒకరోజు 15 నిమిషాలు పడుతుంది, ఇంకోరోజు 40 పడుతుంది. సైకిల్ మీద రోజూ ఇంచుమించు ఒకే సమయం. ఉదయం పూట ఆ టెన్షన్ లేకపోవడం ఎంత హాయో వాడినవాళ్లకే తెలుస్తుంది.

శ్రమ. “చెమటలు కక్కుతూ ఆఫీసుకు ఎలా వెళ్లను?” అన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక లెక్క చూడండి. మనిషి, సైకిల్ కలిపి 105 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు 5 మీటర్లు ఎత్తు పెరిగే మిట్ట మీద గంటకు 15 కి.మీ. వేగంతో ఎక్కాలంటే, ఆ ఎత్తు ఎక్కడానికే సుమారు 215 వాట్ల శక్తి కావాలి. గాలి, టైర్ల రాపిడి దాని మీద అదనం. పెద్దగా వ్యాయామం అలవాటు లేని మనిషి ఆయాసం లేకుండా ఇవ్వగలిగేది 75 నుంచి 100 వాట్లు. మామూలు సైకిల్ మీద ఆ మిట్ట దగ్గర దిగి తోసుకుంటూ నడిచేది అందుకే. మిగిలిన భాగం మోటారు మోస్తే, మీరు చదును రోడ్డు మీద తొక్కినంత బలంతోనే ఎక్కేస్తారు. శ్రమ పూర్తిగా పోదు, పోకూడదు కూడా. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ ఇరవై నిమిషాలు వెళ్లి ఇరవై నిమిషాలు వచ్చేవాళ్లకు ఐదు రోజుల్లో 200 నిమిషాలు అవుతాయి. దీనికి వేరే టైమ్ కేటాయించే పనే ఉండదు.

రోడ్డు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఇదే. కారులో మీ చుట్టూ ఇనుప గోడ ఉంటుంది, సైకిల్ మీద ఉండదు. హెల్మెట్ తలను కాపాడుతుందే గానీ దూసుకొచ్చే లారీని ఆపదు. కొనే ముందే మీ దారిని సెలవు రోజు ఉదయం ఒకసారి, పని రోజు రద్దీలో ఒకసారి మామూలు సైకిల్ మీద వెళ్లి చూడండి. కారులో వెళ్లే దారే సైకిల్‌కూ మంచిదని అనుకోవద్దు. పెద్ద రోడ్డుకు సమాంతరంగా లోపలి వీధులు దొరికితే, ఒక కిలోమీటరు చుట్టు తిరుగుడైనా అదే పట్టుకోండి. మోటారు ఉంది కాబట్టి ఆ చుట్టు తిరుగుడుకు అలసట రాదు. లోపలి దారే లేక, పక్కన జాగా లేని వేగమైన హైవే మీదే వెళ్లాల్సి వస్తే, ఆ ప్రయాణానికి ఈ-సైకిల్ వద్దనే చెబుతాను. మిగతా అన్నింటిలో అది గెలిచినా సరే.

రాత్రి ఉంచే చోటు. ఈ-సైకిల్ మామూలుగా 20 నుంచి 27 కిలోలుంటుంది. లిఫ్ట్ లేని రెండో అంతస్తుకు దాన్ని రోజూ మోయడం ఎవరివల్లా కాదు. నేను రెండు వారాలు మోశాను, మూడో వారం కారు తాళం తీశాను. కింద తాళం వేసి గట్టి కమ్మీకి కట్టే చోటు, పైకి తీసుకెళ్లడానికి ఊడదీసే బ్యాటరీ, ఈ రెండూ ఉంటేనే రోజువారీ వాడకం నిలబడుతుంది. చేరే చోట కూడా ఇలాంటి వసతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

సామాను. వెనక క్యారియర్లు సాధారణంగా 25 కిలోల దాకా మోస్తాయి. రెండు పక్కలా వేలాడే సంచులు తగిలిస్తే వారం సరుకులు వస్తాయి. గ్యాస్ సిలిండర్, బీరువా రావు.

వాతావరణం. ఎండలో మోటారు సాయం వల్ల ఉక్కపోత తగ్గుతుంది. వానకు మంచి రెయిన్‌కోటు, చక్రాలకు పూర్తి మడ్‌గార్డ్‌లు తప్పవు. చలి ప్రదేశాల్లో బ్యాటరీ ఇచ్చే దూరం బాగా తగ్గుతుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే లిథియం బ్యాటరీ పాడవుతుంది. ఇంట్లోకి తెచ్చి, చల్లదనం పోయాకే పెట్టాలి.

ఖర్చు. ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. పెట్రోలు మాత్రమే చూస్తారు. 500 వాట్ అవర్ల బ్యాటరీ నిండటానికి అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ కరెంటు పడుతుంది. దానితో 40 నుంచి 60 కి.మీ. వెళ్లొచ్చు. మామూలు పెట్రోలు కారు అంత దూరానికి మూడు లీటర్ల దాకా తాగుతుంది. ఈ తేడా పెద్దదే. కానీ కారు ఖర్చులో పెద్ద భాగం అది నిలబడి ఉన్నప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది. ఏటేటా పడిపోయే దాని విలువ, బీమా, పన్ను, అప్పు మీద వడ్డీ, పార్కింగ్ అద్దె, ఇవేవీ కారు తీయలేదని ఆగవు. కారు ఉంచుకునే ఈ-సైకిల్ కొంటే ఇంధనం, టైర్లు, సర్వీసింగ్ మాత్రమే మిగులుతాయి. కారు పోతేనే పెద్ద మొత్తం మిగులుతుంది. డబ్బు ఆదా మీ ముఖ్య ఉద్దేశమైతే, ఈ మాట ముందే మనసులో పెట్టుకోండి.

ఈ-సైకిల్ వైపు మరిచిపోయే ఖర్చు బ్యాటరీ. లిథియం బ్యాటరీలు సాధారణంగా 500 నుంచి 1000 పూర్తి చార్జింగ్‌లు తట్టుకుంటాయి. ఒక చార్జింగ్‌కు 50 కి.మీ. చొప్పున 600 సార్లకు 30,000 కి.మీ. అవుతుంది. రోజుకు 12 కి.మీ. తిరిగేవాళ్లకు ఇది చాలా ఏళ్లు. అయితే వాడినా వాడకపోయినా బ్యాటరీకి వయసు మీద పడుతుంది, కాబట్టి ఆ లెక్క చెప్పినంత కాలం వస్తుందని ఆశపెట్టుకోవద్దు. కొనేటప్పుడే కొత్త బ్యాటరీ ధర అడగండి. ఆ మోడల్ బ్యాటరీ నాలుగైదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా అని అంతకంటే గట్టిగా అడగండి.

## నాలుగు దారులు

### 1. కారు ఒక్కటే ఉంచుకోవడం

మూడో కుప్ప పెద్దదైనవాళ్లకు, పనే కారుతో ముడిపడి ఉన్నవాళ్లకు, దారిలో సైకిల్‌కు జాగా లేనివాళ్లకు ఇదే సరైనది. ఇలా ఉన్నంత మాత్రాన ఏదో తప్పు చేస్తున్నట్టు అనుకోనక్కర్లేదు. చిన్న దూరాలు ఉన్నాయనుకుంటే ఒకసారి మామూలు సైకిల్, నడక వైపు చూడండి. 2 కి.మీ. లోపు దూరానికి మోటారు అవసరమే లేదు.

### 2. కారు ఉంచుకుని, దానితోపాటు ఈ-సైకిల్

అందరూ మొదట మొగ్గేది దీనికే. భయం తక్కువ, తిరిగి వెనక్కి వెళ్లే దారి ఎప్పుడూ ఉంటుంది. ఆరోగ్యం, సమయం, గాలి శుభ్రత, వీటన్నిటిలో లాభం ఉంది. డబ్బు లాభం మాత్రం పైన చెప్పినట్టు పరిమితం.

దీనిలో ఒక చిక్కు ఉంది. కారు గుమ్మంలోనే ఉంటే చేయి ముందు దాని తాళం మీదకే పోతుంది. మబ్బు పట్టినా, కాస్త ఆలస్యమైనా, ఒళ్లు బద్ధకించినా కారే. సైకిల్‌ను తలుపు దగ్గరా కారును దూరంగా పెట్టడం వంటి చిన్న ఏర్పాట్లు ఇక్కడ చాలా పనిచేస్తాయి. మా ఇంట్లో కారు తాళాలను లోపలి గది సొరుగులోకి మార్చాం. అంతే, సగం అనవసర ప్రయాణాలు తగ్గాయి.

ఇంట్లో రెండు కార్లున్నవాళ్లకు మాత్రం ఈ దారికి తిరుగులేదు. రెండో కారు తీసేసి దాని చోట ఈ-సైకిల్ తెచ్చుకుంటే, అత్యవసరానికి ఒక కారు ఉంటుంది, నిలబడి తినే ఖర్చు ఒకటి పోతుంది. నన్ను ఎవరైనా ఒక్క మాటలో సలహా అడిగితే, రెండు కార్ల ఇళ్లకు సందేహం లేకుండా ఇదే చెబుతాను.

### 3. కారు తీసేసి ఈ-సైకిల్, బస్సు లేదా రైలు, అవసరానికి అద్దె కారు

డబ్బు బాగా మిగిలేది ఇక్కడే. ఒక ఏడాది కారు మీద నిలబడి అయ్యే ఖర్చు ఎంతో కాగితం మీద వేయండి. ఆ మొత్తంతో ఏడాదిలో ఎన్ని రోజులు కారు అద్దెకు తీసుకోవచ్చో లెక్కకట్టండి. చాలామందికి ఆ సంఖ్య వాళ్లు అనుకున్నదానికంటే పెద్దదిగా వస్తుంది. ప్రతి అద్దెకూ, ప్రతి టాక్సీకీ డబ్బు కళ్లముందే పోతుంది కాబట్టి అది దండగలా అనిపిస్తుంది. కారు ఖర్చు కంటికి కనిపించకుండా పోతుంది కాబట్టి అనిపించదు. ఈ అలవాటును దాటడానికి కొందరు నెలనెలా కారు ఖర్చంత డబ్బు విడిగా పక్కన పెట్టి, ప్రయాణాలన్నీ దాని నుంచే చెల్లిస్తారు. బాగా పనిచేసే పద్ధతి ఇది.

అడ్డంకులు రెండు. పండుగలప్పుడు, వరుస సెలవులప్పుడు అద్దె కార్లు దొరక్కపోవచ్చు. రాత్రిపూట పిలిస్తే వాహనం రాని చోట ఉంటే ఈ దారి ప్రమాదకరం.

### 4. కారు తీసేసి కార్గో ఈ-సైకిల్

ముందు పెద్ద పెట్టె, లేదా వెనక పొడవైన క్యారియర్ ఉండే సైకిళ్లివి. ఇద్దరు చిన్నపిల్లలను, వారం సరుకులను ఒకేసారి మోస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో కారు చేసే పనుల్లో ఎక్కువ భాగం ఇది చేయగలదు. మామూలు సైకిల్‌కు వెనక తగిలించే పిల్లల సీటు సాధారణంగా 22 కిలోల బరువుకే పరిమితం. బిడ్డ ఐదారేళ్లు దాటితే అది చాలదు, అప్పుడు కార్గో సైకిల్ అక్కరకొస్తుంది.

బరువు 30 కిలోల నుంచి 60 దాకా ఉంటుంది. దాన్ని ఎక్కడికీ మోయలేం. లిఫ్ట్‌లో పట్టదు, రైలెక్కదు. బ్యాటరీ అయిపోతే తొక్కడం నరకం. పిల్లలతో మొదటిసారి ఎక్కే ముందు ఇసుక సంచులు పెట్టుకుని ఖాళీ స్థలంలో మలుపులూ బ్రేకులూ అలవాటు చేసుకోవాలి. నేలమట్టంలో విశాలమైన, తాళం వేసే చోటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇవన్నీ ఒకచోట చూస్తే:

| | కారు ఒక్కటే | కారు + ఈ-సైకిల్ | ఈ-సైకిల్ + బస్సు, అద్దె కారు | కార్గో ఈ-సైకిల్ |
|---|---|---|---|---|
| 8 కి.మీ. లోపు రోజువారీ పని | వీలే, పార్కింగ్ బాధ | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| 15 కి.మీ. పైన | సులువు | కారుతో సులువు | బస్సు, రైలు మీద ఆధారం | కష్టం |
| ఇద్దరు చిన్నపిల్లలు | సులువు | కారుతోనే | ఇబ్బంది | సులువు |
| చెప్పకుండా వచ్చే రాత్రి అవసరం | భరోసా | భరోసా | చోటును బట్టి | చోటును బట్టి |
| డబ్బు మిగులు | లేదు | కొంత | ఎక్కువ | ఎక్కువ, కానీ కొనే ధర పెద్దది |
| ఉంచడానికి కావలసిన చోటు | కారుకు | రెండింటికీ | చిన్నది | నేలమట్టంలో పెద్దది |

ఎలక్ట్రిక్ స్కూటర్ సంగతేమిటని అడుగుతారు. వేగం, దూరం ఎక్కువ కావాలనుకుంటే అది మంచిదే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా చాలా చోట్ల తప్పవు. కాళ్లకు పని ఉండదు. 10 నుంచి 20 కి.మీ. మధ్య దూరం ఉండి, వ్యాయామం అక్కర్లేదనుకునేవాళ్లు దాన్నే చూడవచ్చు.

## ఏ ఈ-సైకిల్?

దారి ఎంచుకున్నాక ఇక మిగిలేది సరుకు ఎంపిక. షాపులో ఎక్కువగా మాట్లాడేది మోటారు వాట్ల గురించి. రోజూ వాడేవాళ్లకు అంతకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి.

మొదటిది సెన్సర్. కొన్నిటిలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే మోటారుకు తెలుస్తుంది. తిరిగితే ఒకే ఊపులో తోస్తుంది. బయల్దేరేటప్పుడు ఆలస్యంగా అందుకుని, ఒక్కసారిగా ముందుకు లాగుతుంది. రద్దీలో ఇది ఇబ్బంది. మీరు ఎంత బలంగా తొక్కితే అందుకు తగ్గట్టు సాయం చేసేది టార్క్ సెన్సర్. తొక్కే బలాన్ని కొలిచి సాయం అందించే ఈ ఆలోచనతోనే యమహా 1993లో జపాన్‌లో పీఏఎస్ పేరుతో సైకిల్ తెచ్చింది. ఇప్పటి మంచి సైకిళ్లు దాని బాటలోనివే. వీలుంటే టార్క్ సెన్సర్ ఉన్నదే తీసుకోండి. ముఖ్యంగా వయసు పైబడినవాళ్లు.

రెండోది మోటారు ఎక్కడుందన్నది. చక్రం మధ్యలో ఉంటే హబ్ మోటారు. ధర తక్కువ, చైన్ మీద భారం పడదు, చదును రోడ్లకు చాలు. పెడల్ దగ్గర ఉంటే మిడ్ డ్రైవ్. అది గేర్ల ద్వారా లాగుతుంది కాబట్టి ఎత్తైన మిట్టలు తేలిగ్గా ఎక్కుతుంది, బరువు మధ్యలో ఉండి బ్యాలెన్స్ బాగుంటుంది. చైన్, పళ్ల చక్రాలు మాత్రం త్వరగా అరుగుతాయి. మీ దారిలో పొడవైన మిట్టలు లేకపోతే హబ్ మోటారుతో సరిపెట్టుకోవచ్చు.

హబ్ మోటారు వెనక చక్రంలో ఉంటే పంక్చర్ సంగతి ముందే ఆలోచించండి. చక్రం ఊడదీయాలంటే కరెంటు వైరు విడదీయాలి, పెద్ద నట్లు విప్పాలి. నా మొదటి సైకిల్ వెనక చక్రం పంక్చరైన రోజు, దగ్గర్లో పంక్చర్ వేసేవాళ్లు ఆ వైరును ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు. 24 కిలోల సైకిల్‌ను మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇంటికి చేరాను. కొనేటప్పుడే పంక్చర్‌ను తట్టుకునే మందమైన టైర్లు వేయించుకోండి. చక్రం ఊడదీయడం ఎలాగో షాపులోనే ఒకసారి చేయించి చూడండి.

బ్రేకుల్లో పొదుపు వద్దు. బరువైన సైకిల్, ఎక్కువ సగటు వేగం, తడి రోడ్డు: డిస్క్ బ్రేకులే కావాలి. హైడ్రాలిక్ అయితే ఇంకా మేలు.

బ్యాటరీ పరిమాణం వాట్ అవర్లలో చూడాలి. 36 వోల్టులు, 14 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే రెండూ గుణించండి, 504 వాట్ అవర్లు. కిలోమీటరుకు 10 చొప్పున భాగిస్తే 50 కి.మీ. మిట్టలు, ఎదురుగాలి, ఎక్కువ సాయం ఉంటే 15 దాకా పోవచ్చు, అప్పుడు 33 కి.మీ. కంపెనీ చెప్పే పెద్ద అంకె చూడకుండా ఈ లెక్కతోనే కొనండి. మీ రానూపోనూ దూరానికి రెట్టింపు వచ్చేలా ఉంటే, బ్యాటరీ ముసలిదైనా పని ఆగదు.

భద్రత విషయంలో మాత్రం రాజీ పడకండి. నాసిరకం లిథియం బ్యాటరీల వల్ల ఇళ్లలో మంటలు చెలరేగిన ఘటనలు చాలా జరిగాయి. న్యూయార్క్ నగరం 2023లో, గుర్తింపు పొందిన భద్రతా ప్రమాణాలకు పరీక్షింపబడని ఈ-సైకిళ్ల, బ్యాటరీల అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలో సైకిల్ మొత్తానికి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271, యూరప్‌లో సైకిల్‌కు ఈఎన్ 15194 వంటి ప్రమాణాల గుర్తులు వెతకండి. సైకిల్‌తో వచ్చిన చార్జరే వాడండి. కింద పడి దెబ్బతిన్న బ్యాటరీని చార్జింగ్ పెట్టకండి. ఇంట్లోంచి బయటపడే దారికి, తలుపుకు అడ్డంగా పెట్టి చార్జ్ చేయకండి. అందరూ నిద్రపోయాక చార్జింగ్ నడవనివ్వకండి. చాలా రోజులు వాడకుండా ఉంచాలంటే సగం చార్జింగ్‌తో చల్లని చోట పెట్టండి.

## ఎవరెవరికి ఏది

ఒంటరిగా ఉండి, ఆఫీసు 10 కి.మీ. లోపు ఉన్నవాళ్లు. రోడ్డు పరీక్ష నెగ్గితే మూడో దారి. బట్టలు మార్చుకునే వీలు ఆఫీసులో ఉంటే మరీ మంచిది. లేకపోయినా, వెళ్లేటప్పుడు సాయం ఎక్కువ పెట్టుకుని, వచ్చేటప్పుడు తగ్గించుకుని తొక్కితే చెమట సమస్య చాలావరకు పోతుంది.

చిన్నపిల్లలున్నవాళ్లు. ఒక్క బిడ్డయితే వెనక సీటుతో రెండో దారి. ఇద్దరైతే, నేలమట్టంలో చోటుంటే కార్గో. బడి దగ్గర ఉదయం రద్దీని ఒకసారి నిలబడి చూడండి. అక్కడ కార్లు ఎలా మలుపు తిరుగుతున్నాయో చూశాక పిల్లలతో సైకిల్ మీద వెళ్లాలా వద్దా అన్నది మీకే తేలిపోతుంది.

అరవై దాటినవాళ్లు. కాలు పైకెత్తి దాటక్కర్లేని, మధ్యలో కమ్మీ లేని ఫ్రేమ్ తీసుకోండి. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లలో చాలామందికి తేలికైన గేరులో తొక్కడం నడకకంటే సుఖంగా ఉంటుంది. గుండె జబ్బు, కళ్లు తిరగడం ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఏళ్లతరబడి సైకిల్ ముట్టనివాళ్లకు అసలు ప్రమాదం బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు తూలిపోవడంలో ఉంది. రెండు వారాలు ఖాళీ వీధిలో సాధన చేశాకే రద్దీలోకి రండి.

20 కి.మీ. దూరం రోజూ వెళ్లేవాళ్లు. మొత్తం దూరం సైకిల్ మీద వెళ్లాలనుకోవద్దు. స్టేషన్ దాకా సైకిల్, అక్కడి నుంచి రైలు అన్నది చూడండి. స్టేషన్‌లో నమ్మకమైన స్టాండ్ లేకపోతే మడతపెట్టే సైకిల్ కావాలి, కానీ దాని బరువు ఎత్తి చూశాకే కొనండి.

రాత్రి షిఫ్టుల వాళ్లు. కారు ఉంచుకోండి. నిద్ర ఆపుకుంటూ తెల్లవారుజామున సైకిల్ తొక్కడం ప్రమాదం. అదే స్థితిలో కారు నడపడమూ ప్రమాదమే. కుదిరితే కంపెనీ వాహనం ఎక్కండి.

## అమ్మే ముందు మూడు నెలలు

కారు అమ్మాలనే నిర్ణయానికి వచ్చినా వెంటనే అమ్మకండి. ఈ-సైకిల్ తెచ్చుకుని, కారు మూడు నెలలు పక్కన పెట్టండి. ఆ మూడు నెలల్లో మీ ప్రాంతంలోని అత్యంత కష్టమైన వాతావరణం కొంతైనా ఉండాలి. మంచి ఎండాకాలపు ఉదయాలు చూసి అమ్మేసి, వానలు రాగానే పశ్చాత్తాపపడిన వాళ్లను చూశాను. నిలిపి ఉంచిన కారు బ్యాటరీ దిగిపోకుండా రెండు వారాలకోసారి ఓ ఇరవై నిమిషాలు నడపడం మరవకండి.

మొదట్లో చిట్టా రాసిన కాగితాన్నే మళ్లీ తాళాల పక్కన పెట్టండి. ఈసారి కారు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో ఒక్క ముక్కలో రాయండి: వాన, ఆలస్యం, సామాను, భయం, అలసట, మనుషులు. మూడు నెలల తర్వాత ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. ‘వాన’ ఎక్కువైతే ఒక మంచి రెయిన్‌కోటుతో తీరుతుంది. ‘సామాను’ అయితే పక్క సంచులతోనో చిన్న ట్రాలీతోనో తీరుతుంది. ‘ఆలస్యం’ అయితే పావుగంట ముందు లేవగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. ‘మనుషులు’ అయితే రెండో దారిలోనే ఉండండి. ‘భయం’ ఎక్కువసార్లు కనిపిస్తే కారు అమ్మకండి, ఆ దారిలో సైకిల్ కూడా తీయకండి. ముందు వేరే దారి వెతకండి, దొరికాక మళ్లీ కొత్త కాగితం పెట్టండి.